పదకొండో చప్పుడు

వీడియో గేములకు చప్పుళ్లు కూర్చే గదిలో ఉద్యోగ పరీక్ష జరుగుతోంది. పెద్దాయన తన కొత్త ఆట వినిపించి, పాత ఆటల్లోంచి తెచ్చి మళ్లీ వాడిన చప్పుళ్లు రాయమన్నాడు. పరీక్షకు వచ్చిన అమ్మాయి రాసిన కాగితం అందించింది.

“పదే ఉన్నాయన్నాను కదమ్మా. పదకొండు రాశావేం?”

“పదకొండు వినిపించాయి సార్.”

“ఒక్కటి తప్పినా ఉద్యోగం లేదన్నాను. ఆఖరిది కొట్టేస్తావా?”

“కొట్టెయ్యను సార్. ఈ రాక్షసుడి అరుపు మీ మొదటి ఆటలో జైలు తలుపు కిర్రుమన్న చప్పుడే. బాగా నెమ్మది చేసి పెట్టారు.”

“ఎలా చెప్పగలవు?”

“ఆగిపోయే ముందు ఆ తలుపు రెండుసార్లు తడబడుతుంది. రాక్షసుడూ అక్కడే తడబడ్డాడు. చిన్నప్పుడు ఆ జైలు దాటలేక సెలవులన్నీ ఆ తలుపు దగ్గరే గడిపాను.”

“అది మా పెరటి తలుపు. ఎవరి చెవికి ఆనుతుందిలే అని లెక్కలో చెప్పలేదు. రోజూ ఆ తలుపు తీసే మా ఆవిడే పోల్చుకోలేదు.”

“పెరటి తలుపుతో నన్ను హడలగొట్టారు సార్. అరిచినప్పుడు నిజంగానే కుర్చీలో వెనక్కి జరిగాను.”

“జరిగావా?”

“జరిగాను. తర్వాతే గుర్తుపట్టాను.”

“అయితే మళ్లీ ముందుకు జరుగు. రేపటి పని ఇప్పుడే చూపిస్తాను.”