రత్నమాణిక్యానికి చోటు

పెదపాడులో సూర్యప్రకాశరావు ఇంటి అరుగు. నిన్న ఏలూరులో కన్నుమూసిన చెల్లెలు రత్నమాణిక్యం కొడుకు ఫిన్నీ వచ్చాడు. మేనల్లుడి ముఖం ఆయన చూడటం ఇదే మొదలు.

"కాస్త మెల్లిగా మాట్లాడు బాబూ. లోపల చుట్టాలున్నారు."

"మెల్లిగానే అంటున్నానండీ. అమ్మని ఐస్ పెట్టెలో ఉంచి వచ్చాను మావయ్యగారూ. రాత్రంతా కరెంటు వస్తూ పోతూ ఉంది."

"అయ్యో. మరి... మరి మీవాళ్లు చూసుకోవాలి గదా. మీకు సమాధుల తోట ఉంది గదా."

"మా సంఘ పెద్దలు కుదరదంటున్నారండీ."

"కుదరదంటే?"

"అమ్మ బాప్తిస్మం తీసుకోలేదండీ. తీసుకోనివాళ్లని తోటలో పెట్టనివ్వరు."

"తీసుకోలేదా? అదేవిటి? ప్రతి ఆదివారం చర్చికెళ్లేదని విన్నానే!"

"వెళ్లేదండీ. వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. పాటలన్నీ వచ్చు. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకి మాత్రం లేచెళ్లి బయట అందరి చెప్పులూ సర్దేది. ఎందుకమ్మా అంటే నవ్వేసేది."

"మీ నాన్న ఏమీ అనలేదా? అబ్బులు?"

"పోయేదాకా అడుగుతూనే ఉన్నాడండీ. 'నన్ను పాతిపెట్టిన చోట నీకు చోటు లేకుండా పోతుందే మాణిక్యం' అనేవాడు."

"ఏవండీ! ఎవరండీ వచ్చింది? కాఫీ ఇమ్మంటారా?"

"వద్దు సుందరీ! చెరువు లీజు గురించి ఎవరో వచ్చాడులే. వెళ్లిపోతున్నాడు."

"వెళ్లిపోతున్నానా అండీ?"

"అది కాదు బాబూ... అది కాదు. సాయంత్రం మా అమ్మాయి వీరదుర్గకి నిశ్చయ తాంబూలాలు. అత్తిలి నుంచి మగపెళ్లివారు బయల్దేరిపోయారు. ఇప్పుడు మైల అంటే..."

"అమ్మ మీ మనిషైతేనే గదండీ మైల?"

"అదే. అదే గదా నేననేది."

"మీ మనిషి కాదా అండీ?"

"ఎండ ఎక్కుతోంది. ఎలా వచ్చావు, ఆటోలోనా?"

"ఆటోలోనే అండీ. ముందు కాటికీ వెళ్లాను. గోత్రం ఏవిటన్నారు. నాకేం తెలుస్తుందండీ? ఫిన్నీ అని పేరు చెప్పేసరికి, మీవాళ్లకి తోట ఉంది గదా అన్నారు. తోట దగ్గరేమో, మీ అమ్మవాళ్లకి కాడు ఉంది గదా అంటారు. అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరు నిప్పు పెట్టండి, చాలు. నేను దూరంగా నిలబడతాను."

"ఊళ్లో ఒప్పుకోవాలి గదా. నీకు తెలీదు. అది మీ నాన్నతో వెళ్లిపోయినప్పుడే మా నాన్న నీళ్లొదిలేశారు. చచ్చినవాళ్లకి వదిలినట్టే, కాలవలో దిగి."

"అమ్మకి తెలుసండీ ఆ సంగతి."

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారట. 'నాన్న వదిలితే వదిలారు, అన్నయ్య వదల్లేదుగా' అనేది."

"అలా అందా?"

"ఆఖర్న మంచం దగ్గరికి పాస్టరుగారు వచ్చి, ఇప్పటికైనా ఒప్పుకో అమ్మా అన్నారు. ముఖం అటు తిప్పేసుకుంది."

"దేవుడి మీద నమ్మకం లేకా?"

"నమ్మకం ఉందండీ. మాకంటే ఎక్కువే. పాస్టరుగారు వెళ్లాక నాతో అంది. 'నీళ్లలో మునిగి లేచానంటే, మా అన్నయ్య పిలిచిన రోజున ఏ మొహం పెట్టుకుని గడప ఎక్కనురా? పిలుస్తాడు. ఓసారి వెళ్లొచ్చాక తీసుకుంటాలే' అని."

"ఊఁ."

"పిలుద్దామని ఎప్పుడైనా అనుకున్నారా అండీ?"

"ఊరుకో. ఊరుకోరా."

"ఏడవకండి మావయ్యగారూ. లోపల చుట్టాలున్నారు."

"ఉండు. చొక్కా వేసుకొస్తాను. మీ సంఘ పెద్దలెక్కడుంటారు?"

"మా పెద్దలా? వాళ్లతో మీకేం పనండీ?"

"మాణిక్యం బాప్తిస్మం తీసుకుందని చెబుతాను. పెళ్లికి ముందే, కొల్లేటి దగ్గర ఎవరో పాస్టరు ముంచి లేపాడనీ, నేను కళ్లారా చూశాననీ, మా భయానికి మీకెవరికీ చెప్పకుండా దాచుకుందనీ. మీ నాన్న పక్కనే పెట్టించేద్దాం."

"ఇన్నేళ్లూ అమ్మ తీసుకోకుండా ఉంది మీ కోసమండీ!"

"విన్నాను గదరా. పద."

"మీ మాట వాళ్లు నమ్మరండీ."

"ఎందుకు నమ్మరు? సొంత చెల్లెలు మతం మారిందని ఏ అన్నైనా అబద్ధమాడతాడా?"