కటింగ్ మాస్టరుకి అక్క చెప్పిన మాట

ఏమే, ఆ ఫోను పట్టుకుని ఇందాకట్నుంచీ అలా మొహం వేలాడేసుకున్నావ్? ఓహో, నీ కింద పనిచేసే ఆయనకి రేపు చెప్పాలా, పని సరిగ్గా లేదని? పెద్దాయనా? అయ్యో... ఇలాంటి వాటికి మా అక్కే ఉండాలి తల్లీ. సొంతక్క కాదులే, నేను చొక్కాలు కుట్టిన కార్ఖానాలో సూపర్‌వైజరు. అందరం అక్కా అనేవాళ్లం, ఓనరు కూడా. సన్నగా, రివటలా, మెళ్లో ఎప్పుడూ ఆ కొలత టేపు... ఆ, ఏం చెప్తున్నా? కటింగ్ మాస్టరు. ఆయన అక్కకి స్వయానా బావగారు, మొగుడికి అన్న. ఇంట్లో ఆయన ఎదురుగా కూర్చునేది కూడా కాదు. అలాంటాయనకి చెయ్యి వణకడం మొదలైంది. కాలర్లన్నీ వంకర. మేం నోరు మూసుకుని ఎలాగో సర్ది కుట్టేవాళ్లం. చివరికి ఓనరు కంట్లో పడింది. "మానేయమని గుమాస్తాతో చెప్పిస్తా" అన్నాడు. "వద్దు, నేనే చెప్తాను" అంది అక్క.

భోజనాల వేళ మిషన్లన్నీ ఆగాక, స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. మేం గుడ్డ తానుల వెనక నక్కి వింటున్నాం. నేనైతే పిల్లలెలా ఉన్నారు, ఈ ఎండలేంటి అని నానా చెత్తా మాట్లాడి లేచొచ్చేదాన్ని. ఆవిడ ఒకటే మాట. "బావగారూ, మీ చెయ్యి వణుకుతోంది. ఇంక మీరు కత్తెర పట్టకూడదు." అంతే. ఆయన మొహం కందగడ్డయింది. "నన్ను చూస్తేనే జంకేదానివి, నాకే చెప్పేంతదానివయ్యావా?" అని అరిచాడు. "నాకూ కష్టంగానే ఉంది బావగారూ. కానీ ఈ మాట మీకు పరాయివాళ్లెవరో చెప్పడం నాకిష్టం లేదు" అంది. కదల్లేదు, తల దించలేదు. ఎంతసేపటికో ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, "నాకు తెలుసమ్మా. రోజూ పొద్దున్నే లేవాలంటే భయమేసేది. ఒక్కరూ అడగరేంటా అని చూస్తున్నా" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడే! అక్క ఆయన్ని ముందు గుమ్మంలోంచే, పక్కన నడుస్తూ ఇంటికి తీసుకెళ్లింది. మేమంతా మిషన్ల దగ్గర లేచి నిలబడ్డాం. తిరిగొచ్చి కూర్చుంటే సూదిలో దారం ఎక్కదే ఆవిడకి! నేనే ఎక్కించి పెట్టాను.

ఆవిడ పోయి ఎన్నేళ్లయిందో. ఇప్పటికీ కష్టమొస్తే ముందు ఆ గొంతే చెవిలో పడుతుంది నాకు. మొన్న నన్ను ఆసుపత్రిలో చూపించి తీసుకొచ్చాక మీ నాన్న "ఏం లేదమ్మా, అంతా బానే ఉంది" అని నవ్వాడా, నా కళ్లల్లోకి చూడకుండా. మీ అమ్మా అంతే, వంటింట్లోంచి రాదు. అప్పుడనిపించింది, అక్క ఉంటే నా ఎదురుగా కూర్చుని ఉన్నమాట చెప్పేది కదా అని... నువ్వెందుకే అటు తిరిగావ్? ఏమే...

సరేలే. ఆ కిటికీ తలుపు వెయ్యి, చలేస్తోంది.