డూన్‌కారా ఎటువైపు

నవంబరు మధ్యాహ్నం. కౌంటీ కౌన్సిల్ సమావేశం నుంచి తిరిగి వస్తున్న మలాకి కారు డూన్‌కారా ఊరి రోడ్డు పల్లంలో, పొంగిన వాగునీళ్ళ మధ్య ఆగిపోయింది. అతను ఇరవై రెండేళ్ళుగా కౌన్సిలరు. పక్క సీట్లో ఉన్న డింప్నాది డూన్‌కారానే; మొన్న జూన్‌లో తొలిసారి గెలిచింది.

"తాళం ఇంకోసారి తిప్పండి."

"తిప్పితే ఇంజన్లోకి నీళ్ళు లాగేస్తుంది, డింప్నా. ఊరుకో. తలుపు కూడా తెరవకు. ఎవరికి ఫోన్ చేశావు?"

"యూనన్‌కి. పాలు పితకడం కానిచ్చి ట్రాక్టర్ తెస్తానన్నాడు. అరగంట."

"యూనన్‌కా? ఇంకెవరూ దొరకలేదా?"

"ఈ వానలో ట్రాక్టర్ తీసుకుని ఇంకెవరొస్తారు? అతనైతే మీకేం?"

"నాకేం లేదు. ముందు రోడ్ల ఆఫీసుకి చెప్పాల్సింది."

"చెప్పాను. రాత్‌మోయిల్ ఆఫీసువాళ్ళేమో, డూన్‌కారా ఇప్పుడు మాది కాదమ్మా, పడమటి ఏరియా అన్నారు. కిల్‌బ్రానీ ఆఫీసువాళ్ళేమో, మాదే కానీ మా లారీ ముప్ఫై మైళ్ళ అవతలుంది, ఇవాళ్టికి రాదన్నారు."

"ఊఁ."

"నవ్వకండి."

"నవ్వట్లేదు. కాళ్ళు పైకి పెట్టుకో, నీళ్ళు లోపలికొస్తున్నాయి."

"మలాకి, ఒకటి అడుగుతాను. మా తాతల నాటి నుంచీ డూన్‌కారా రాత్‌మోయిల్‌తోనే ఉంది. మా సంత అక్కడే, చర్చి అక్కడే, డాక్టరూ అక్కడే. కొత్త ఎన్నికల హద్దు గీత మాత్రం వాగు వెంబడి వచ్చి మమ్మల్ని పడమటికి తోసేసింది. ఎందుకు?"

"జనాభా లెక్క, అమ్మాయ్. ఒక్కో కౌన్సిలరుకి ఇంతమంది అని ఉంటుంది. తూర్పున ఎక్కువయ్యారు. సరిహద్దుల సంఘం కూర్చుని..."

"ఎన్నికల ముందు కూడా ఈ మాటే అన్నారు. ఎక్కువైతే బాలివరా కాలనీలో ఎక్కువయ్యారు. దాన్నెందుకు తీయలేదు?"

"నేనేమన్నా మ్యాపు గీశానా?"

"గీశారని నేనన్లేదే."

"మరి?"

"సలహాలు రాయమని సంఘం అందరినీ అడిగింది కదా. మీరు రాశారా?"

"అందరూ రాశారు. వాన తగ్గినట్టుంది."

"తగ్గలేదు. మీరు రాశారా?"

"ఏదో రాశాను. గుర్తులేదు. అయినా ఇప్పుడెందుకీ గోల? నువ్వు గెలిచావు, పడమటి కమిటీలో కూర్చున్నావు. ఇక ఈ మునిగే రోడ్డు నీ చేతిలో పని."

"ఆ మాట వదిలేయండి."

"ఎందుకు వదలాలి? రోడ్డు ఎత్తు చేయిస్తాననేగా నువ్వు ఓట్లడిగి..."

"వదిలేయండన్నానా. ఇరవై ఏళ్ళు మీ కరపత్రాలు పట్టుకుని తిరిగాను. ఈసారి మలాకి చేయిస్తాడు, ఈసారి చేయిస్తాడు అని గడప గడపకీ చెప్పాను. గుర్తులేదని నాకు మాత్రం చెప్పకండి."

"ఈ నీళ్ళు సీటు దాకా వస్తాయంటావా?"

"రావు. ఇంతకి మించి రావు. అంబులెన్సు ఆగిపోవడానికి ఇంతే చాలు."

"నోరీన్ సంగతి ఎత్తకు."

"నేనెత్తలేదు. అంబులెన్సు అన్నాను. మీకు నోరీన్ గుర్తొచ్చింది."

"రాదా మరి? నోరీన్ శవం పక్కన నిలబడి, కొడుకు యూనన్ నా చెయ్యి పట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే బావుండేది. అంబులెన్సు కొండ చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆలస్యమైందండీ అన్నాడు. అమ్మ ఎప్పుడూ మీకే ఓటేసేది అన్నాడు. అంతే."

"అందుకని?"

"అందుకని... అందుకనే రాశాను."

"ఏమని?"

"డూన్‌కారాని తీసి పడమటికి కలపమని. వాగే సరైన హద్దని. విన్నావుగా. ఇప్పుడు దిగి నడుస్తానంటే నడు."

"ఎక్కడికి నడుస్తాను? పదకొండేళ్ళు జాబితాలో ఉన్న రోడ్డు, మలాకి."

"పదకొండేళ్ళూ నేనే కిందికి తోశాను. కమిటీలో ఏడుగురం. పది పనులొస్తే డబ్బు మూడింటికి సరిపోయేది. రాత్‌మోయిల్లో కాలిబాట, రాత్‌మోయిల్లో దీపాలు. ఓట్లు అక్కడున్నాయి. మీరు నూటనలభై మంది, ఎలాగూ నాకే వేస్తారు. మొదటి ఏడు బాధేసింది. రెండో ఏడు కాస్త తగ్గింది. నాలుగో ఏటికల్లా జాబితా చదువుతుంటే ఆ పేరు నా కంటికి ఆనేదే కాదు. నోరీన్ పోయాక మళ్ళీ ఆనడం మొదలెట్టింది. మీ మొహాలు చూడలేక మిమ్మల్నే అవతలికి నెట్టాను."

"ఆ గుడ్డ ఇలా ఇవ్వండి. అద్దం మసకేసింది."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"తిట్టు. యూనన్‌లాగా చేయకు. కౌన్సిల్లో లేచి చెప్పు, పేపరువాళ్ళకి చెప్పు. డెబ్భై దగ్గరకొచ్చాయి నాకు, ఎన్ని మాటలన్నా పడతాను."

"మొదటిసారి వాళ్ళకేం చెప్పారు?"

"ఎవరికి?"

"మా ఊరివాళ్ళకి. మొదటి ఏడు రోడ్డుని జాబితాలో కిందికి తోసి వచ్చారు. మర్నాడు పాలకేంద్రం దగ్గర అడిగే ఉంటారు కదా. ఏం చెప్పారు?"

"వచ్చే ఏడు తప్పకుండా అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు, తలూపావు కూడా. ఎందుకడుగుతున్నావు?"

"వాళ్ళ కళ్ళలోకి చూసే చెప్పారా?"

"టోపీ సర్దుకుంటూ చెప్పాను. ఇదేం ప్రశ్న? అదిగో ట్రాక్టర్. తాడు కూడా తెచ్చాడు. డింప్నా, నేను చేసింది యూనన్‌కి నువ్వు చెబుతావా, నన్నే చెప్పమంటావా?"

"అద్దం దించకండి. ఒక్క నిమిషం."

"చెయ్యి ఊపుతున్నాడు, చూడు."

"ఊపనివ్వండి. మంగళవారం మా కమిటీకి రోడ్ల జాబితా వచ్చింది. ఐదుగురం కూర్చున్నాం. కిల్‌బ్రానీలో ముసలివాళ్ళ ఆశ్రమం దారిలో వంతెన పగిలింది. ఆశ్రమంలో అరవైమంది ఉన్నారు. వంతెనా, మన రోడ్డా, ఒకటి తేల్చమన్నారు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు."

"నువ్వు?"

"జాబితాలో మన రోడ్డు పేరు కొట్టేసింది నేనే, మలాకి."