సగమే దిగిన పెదవి

ఆ పటం పారేద్దామనుకుంటున్నావా? ముందు కింద పెట్టమ్మా, అంచు చిరుగుతుంది. చర్మం లేని మొహం, చూస్తే భయమేస్తుందంటావు, నిజమే. కానీ అది మీ తాత మొహం. నవ్వకు, చెప్తాను విను. మీ నానమ్మ నాకు అక్క కదా, అంటే మీ తాత నాకు బావ. వైద్య కళాశాలలో గోడలకి తగిలించే పటాలు గీసేవాడు. గుండె, కాలేయం, కాలి ఎముకలు, అన్నీ. చెయ్యి బంగారం, మనిషి మాత్రం మొండిఘటం. పుస్తకంలో బొమ్మ చూసి గీయవయ్యా అంటే వినడు. అద్దం ముందు కూర్చుని, కనుబొమలెగరేసి, బుగ్గలు పూరించి, ఏది కదిలితే దాన్ని వేలితో తడిమి గీయడమే. ఒకసారి కిటికీలోంచి చూసి, బావకి మతి పోయిందని అక్కకి చెప్పొచ్చాను కూడా.

ఎక్కడిదాకా వచ్చాను? ఆ, నవ్వు. మీ తాత నవ్వితే కింది పెదవి ఒకవైపే దిగేది. రెండోవైపు కదలకుండా అలాగే ఉండేది. చూసేవాళ్లకి వెక్కిరించినట్టే. మీ నానమ్మ కొత్త చీర కడితే ఆ నవ్వే, కూనిరాగం తీస్తే ఆ నవ్వే. ఏడేళ్లు ఓర్చుకుని, ఒకరోజు పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. నేనేం చేసినా ఆయనకి ఎగతాళే, ఇక ఆ గడప తొక్కనంది.

మర్నాడు బావని కడిగేద్దామని కళాశాలకెళ్లాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను, అప్పుడు నాకూ మీసాలొచ్చాయిగా. తీరా వెళ్తే అక్కడ నాకంటే ముందే పెద్ద డాక్టరు కడిగేస్తున్నాడు. ఇదిగో, ఈ పటం మీదే వేలు పెట్టి. "ఈ కండరం దవడ ఎముక మీద మొదలై, పైకెక్కి పెదవిలో కలుస్తుంది. పల్చగా, నలుచదరంగా, రెండువైపులా ఒకేలా ఉంటుంది. నువ్వు ఒకవైపు దారప్పోగులా గీశావేమయ్యా?" మన మొండిఘటం ఊరుకుంటాడా? తడిమి చూశానండీ, అక్కడేమీ కదల్లేదండీ అన్నాడు. డాక్టరు కాసేపు బావ మొహంలోకి చూసి, కింది పళ్లు చూపించమన్నాడు. సగమే కనిపించాయి. దవడ కింద చెయ్యి పెట్టి చూస్తే పాత మచ్చ. చిన్నప్పుడు గడ్డ కోయించుకున్నాడట, అప్పుడే నరం తెగింది. పెదవిని కిందికి, కాస్త పక్కకి లాగడం ఆ కండరం పని, నీకు ఒకవైపు లాగేవాడు లేడయ్యా అని డాక్టరు నవ్వేశాడు.

నేనొచ్చిన పని మర్చిపోయి, బావనీ పటాన్నీ ఇంటికి లాక్కొచ్చాను. అక్క మూడుసార్లు పళ్లు చూపించమంది. తనే వేలు పెట్టి తడిమింది. "అయితే ఇన్నేళ్లూ నన్ను వెక్కిరించలేదా?" అంది.

లేదు అంటే అయిపోయేది కదా. "రెండు మూడుసార్లు వెక్కిరించాను, నువ్వు పాడినప్పుడు" అన్నాడు.

ఇక కాపురం గోవిందా అని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అక్క పెట్టె పట్టుకుని వీధిలో ముందు నడుస్తోంది, ఈయన వెనకాల.

పటం కళాశాలకి పనికిరాలేదు, అక్కే గోడకి కొట్టించింది. ఫోటోలన్నిట్లో మీ తాత నోరు మూసుకునే ఉంటాడు, చూశావుగా. ఆయన పోయాక అక్క ఏ ఫోటో ముందూ నిలబడలేదు. పనంతా అయ్యాక దీని ముందుకొచ్చి కూనిరాగం తీసేది. తీసి, ఇందులో సగమే దిగిన ఆ పెదవి వంక చూసి...

ఆ మేకు ఇంకా గోడకే ఉంది. స్టూలు ఇటు జరుపు.