అరవయ్యో హిట్

చక్కెర మిల్లు వెనక ఫెర్మిన్ చిల్లరకొట్టు. ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. బల్ల మీది రేడియోలో సీజను ఆఖరి బేస్‌బాల్ ఆట నడుస్తోంది. చెరకు కొట్టే తోరిబియో గోనెసంచిలో పొడుగాటిదేదో చుట్టుకుని ఇప్పుడే లోపలికొచ్చాడు.

"ముందు కూర్చో తోరిబియో. నువ్వలా నిలబడి అరిస్తే రేడియో వినపడదు."

"కూర్చోను ఫెర్మినన్నా. కాసిని నీళ్ళియ్యి, చేతులు కడుక్కోవాలి."

"తొట్టి అదిగో... ఆగాగు. ఏంటా రక్తం?"

"కోడి."

"కోడా?"

"కోడిని కోశా. మా విల్మర్‌గాడికి చారు పెడదామని. వేళ్ళు విరిగినోడికి బలం కావాలిగా."

"మోచేతుల దాకా ఉందేంట్రా! కోడిని కోశావా, దున్నపోతునా?"

"పుంజు. పెద్ద పుంజు. తన్నుకుంది. స్కోరెంత?"

"మనకి రెండు, రేవు జట్టుకి రెండు. ఆరో ఇన్నింగ్స్. నీ కొడుకు లేకపోతే మనోళ్ళ చేతుల్లో బ్యాట్లు పొయ్యిలో పుల్లలే."

"ఆ మాట నాకెందుకు? కుర్రాళ్ళని ఏరడానికి ఉత్తరం నుంచి వచ్చాడే, ఆ టోపీవాడికి చెప్పు. బ్యాటింగ్ సగటు మూడొందలుంటే తీసుకెళ్తా, లేకపోతే లేదన్నాడు. మొహం మీదే అన్నాడు."

"వాడికేం తెలుసు మూడొందలు తప్ప! నీ కొడుకు ఈ సీజన్లో ముప్ఫయ్యొక్కసార్లు వాక్ తీసుకున్నాడు. చెడ్డ బంతిని ముట్టుకోకుండా వదిలేసి దర్జాగా బేసుకి నడిచాడు. అవి కూడా కలిపి చూడు, పదిసార్లకి దాదాపు నాలుగుసార్లు బేసు మీదుంటున్నాడు. అసలు లెక్క అదీ!"

"నడిచేవాణ్ణి చూడ్డానికి ఎవడొస్తాడన్నా? నడవడమైతే మా గాడిదా నడుస్తుంది. బ్యాటుతో కొట్టాలి. బంతి పగలాలి."

"పాత బుర్ర నీది."

"పాతదే. అక్షరమ్ముక్క రాని బుర్ర. కానీ అంకెల్లో నన్ను కొట్టేవాడు ఈ మిల్లు చుట్టుపక్కల లేడు. నీ వాక్‌లు తీసేస్తే రెండొందలసార్లు బ్యాటు పట్టాడు నా కొడుకు. యాభైతొమ్మిది హిట్లు. వెయ్యికి లెక్కేస్తే రెండొందల తొంభయ్యైదు. అరవై అయితే? సరిగ్గా మూడొందలు. ఒక్కటన్నా. ఒకే ఒక్కటి!"

"తెలుసురా."

"తెలిస్తే చెప్పు. నిన్న ఐదో ఇన్నింగ్స్‌లో వాడు కొట్టిన బంతి హిట్టా కాదా?"

"స్కోరు విననీరా."

"చెప్పవేం? పాతికేళ్ళు మిల్లు లీగుకి స్కోరరుగా చేశావుగా. కళ్ళారా చూశావుగా. చెప్పు!"

"బంతి సూటిగా రెండో బేసు పక్కన కాసే షార్ట్‌స్టాప్ కుర్రాడి మీదకెళ్ళింది. నేల మీద రాయి తగిలి లేచింది. వాడి దవడకి కొట్టుకుంది. రెండు పళ్ళు రాలాయి. చొక్కా అంతా రక్తం."

"మరి! పళ్ళు రాలగొట్టిన బంతిని ఎవడు పట్టగలడు? ఆ స్కోరరు లివియోగాడు పైన నీడలో కూర్చుని ఏం రాశాడు? ఎర్రర్! పట్టాల్సినోడు పట్టలేదు, విల్మర్ కొట్టింది హిట్ కాదు. పెద్ద బోర్డు మీద పెట్టారు. ఆ మూడు పళ్ళ దువ్వెన లాంటి అక్షరం, పక్కన ఆరు. నాకొచ్చిన అక్షరం అదొక్కటే అన్నా. జన్మలో మర్చిపోను."

"ఆ దువ్వెన 'E', అంటే ఎర్రర్. ఆరు షార్ట్‌స్టాప్ నంబరు. నిజమే."

"ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆ పిచర్ బంతిని కావాలనే చేతి మీదకేశాడు. మూడు వేళ్ళు పటపటా విరిగాయి. నా చెవులతో విన్నా. నేలమీద పడి దొర్లుతూ వాడేమన్నాడో తెలుసా? 'నాన్నా, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి బ్యాటివ్వమను' అన్నాడు. ఇంక వాడికి రేపు లేదు, ఇవాళ లేదు. ఆ ఐదో ఇన్నింగ్స్ బంతే ఆఖరిది."

"కూర్చో తోరిబియో. ఇదిగో, రమ్ము. ఒక గుక్క తాగు."

"శ్రోతలూ, చూస్తున్నారా... అదే, వింటున్నారా! రేవు పిచర్ మళ్ళీ తలకాయకే గురిపెట్టాడు! మన కెప్టెన్ నేలకరుచుకున్నాడు... లేచాడు... బ్యాటుతోనే పిచర్ మీదకి పరిగెడుతున్నాడు! రెండు జట్లూ మైదానంలోకి దూకాయి! గుద్దులు, తన్నులు... అంపైరు కిందపడ్డాడండోయ్!"

"అదీ! కొట్టు! వాడి చెయ్యి విరగ్గొట్టు, వేసే చెయ్యే!"

"ఒరే, నా బల్ల విరుగుతుంది!"

"కొట్టండ్రా! మోకాళ్ళ మీద కొట్టండి, మళ్ళీ లేవకుండా!"

"నీకేం పూనకమొచ్చిందిరా ఇవాళ? గ్లాసు పగలగొట్టావు చూడు. ఆ సంచి అవతల పెట్టు, కాలికి తగులుతోంది. ఏముంది దాన్లో?"

"బ్యాటు."

"విల్మర్‌దా?"

"ఆఁ. చిట్లింది."

"ఎప్పుడు? నిన్న బాగానే ఉందే."

"చిట్లిందన్నాగా! దాన్ని ముట్టుకోకు."

"సరే సరే, ముట్టుకోన్లే. కొడుకు బ్యాటుని కూడా పెళ్ళాన్ని చూసుకున్నట్టు చూసుకుంటావు."

"ఆ బ్యాటు పట్టించింది నేను. ఐదో ఏట. బంతి తప్పిన ప్రతిసారీ చెరకు గడతో పిక్కల మీద ఒకటి. సాయంత్రానికి కాళ్ళు వాతలు తేలేవి. వాళ్ళమ్మ అడ్డమొస్తే దానికీ ఒకటి. ఎందుకు? నాలాగా కత్తి పట్టకూడదని. చూడు ఈ చెయ్యి. రెండు వేళ్ళు చెరకులో పోయాయి. వాడి వేళ్ళు పదీ ఉండాలనే కదా..."

"నాకు తెలీదట్రా? వాడికి జ్ఞానస్నానంలో పేరు పెట్టించి ఎత్తుకున్నవాణ్ణి నేను. నాకూ కొడుకే."

"కొడుకే అయితే నిన్న నోరు తెరవలేదేం? లివియో నీ శిష్యుడేగా. పెన్సిలు పట్టుకోవడం నేర్పింది నువ్వేగా. ఒక్క మాటంటే వినడా? ఏంటా నవ్వు?"

"నవ్వలేదు."

"నవ్వావు. మీసంలో నవ్వావు. నా కొంప కాలుతుంటే నవ్వొస్తోందా నీకు?"

"టైమెంతయింది?"

"గడియారం నీ నెత్తి మీదే ఉంది. దాని వైపు ఇందాకట్నుంచి పదిసార్లు చూశావు."

"నాలుక్కి పావుగంటుంది. ఇంకొక్క పావుగంట ఓపిక పట్టరా."

"దేనికి?"

"ఊరికే. ఆట వినడానికి. స్కోరరు నిర్ణయం మార్చుకోవాలంటే ఇరవై నాలుగ్గంటల గడువుంటుంది, తెలుసా? నిన్న ఆట నాలుక్కి అయింది."

"మారుస్తాడా వాడు? గాడిద. రాయిలాంటి గాడిద. వాణ్ణి... వాడి సంగతి వదిలెయ్."

"నువ్వే అందుకున్నావు, నువ్వే వదిలెయ్ అంటావు. పొద్దున్నుంచీ ఎక్కడున్నావసలు?"

"ఇంట్లో."

"ఇంట్లోనే? ఎవరూ రాలేదూ?"

"ఎవరొస్తారు? ఎందుకడుగుతున్నావు? ఎవరన్నా ఏమన్నా చెప్పారా?"

"అబ్బే, ఎవరు చెబుతారు! ఇంట్లో ఉంటే కనపడి ఉండాలే మరి..."

"ఎవరు కనపడాలి?"

"ఎవరూ లేదులే. రమ్ము తాగు."

"నేను చెరువుగట్టు వైపు పోయా. కొంచెంసేపు. కోడి కోసం."

"గట్టు మీద కోడా?"

"అవును! అయితే ఏంటి? పోలీసులా ప్రశ్నలేస్తావేం?"

"శ్రోతలూ, ఏడో ఇన్నింగ్స్ అయింది. రేవు జట్టు నాలుగు, మిల్లు జట్టు రెండు. చిన్న కబురొకటి. మన స్కోరరు లివియో గారు ఇవాళ ఇంతవరకూ రాలేదు, ఆయన కుర్చీలో వేరొకరు కూర్చున్నారు. పన్నెండేళ్ళలో ఆయన ఆట మానడం ఇదే మొదలు."

"రాలేదా? ఇదేంటి!"

"రాకపోతే ఏం? తాగి పడుంటాడు."

"వాడు తాగడురా. ఎక్కడ చచ్చాడు... నాలుక్కి ఐదు నిమిషాలుంది. దేవుడా!"

"ఏంటన్నా, అలా లేచావు? చెమటలు పడుతున్నాయేం నీకు?"

"మాట్లాడకు. విననీ."

"సమయం నాలుగు, శ్రోతలూ. నిన్నటి ఆట లెక్కల పుస్తకం ఇప్పుడే మూసేశారు. మార్పులు కోరుతూ చీటీలేవీ అందలేదు. కాబట్టి మన విల్మర్ ఈ సీజను రెండొందల తొంభయ్యైదుతోనే ముగించినట్టు. అయ్యో, ఒక్క హిట్ తక్కువ!"

"అయ్యయ్యో! వెధవా లివియో, ఎంత పని చేశావురా! నా చేతులతో రాయించానే!"

"ఏం రాయించావు?"

"ఇంక దాచేదేముంది? పొద్దున్న వచ్చాడ్రా వాడు. ఇదే బల్ల దగ్గర కూర్చున్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదన్నాడు. 'పళ్ళు రాలగొట్టిన బంతిని పట్టగలిగేదే అని రాశాను, నాకు బుద్ధుందా గురువుగారూ' అని ఏడ్చాడు. చీటీ రాశాడు. మార్పు చీటీ. మైదానానికి తిన్నగా పొమ్మన్నా. విన్నాడా? 'ముందు తోరిబియోకి చూపించాలి, నిన్న గేటు దగ్గర చంపుతానన్నాడు, ఆయన మొహంలో నవ్వు చూసి అప్పుడెళ్తా' అన్నాడు. నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. చెరకు రైలు పట్టాల వెంబడి మీ గుడిసెల వైపే వచ్చాడు. నీకు ఎదురవలేదూ?"

"ఆ చీటీ... ఎలా ఉంటుందన్నా?"

"పసుప్పచ్చ కాయితం. అరచెయ్యంత. ఎందుకు?"

"దాని మీద పైన ఏం రాస్తారు?"

"పైన పాత నిర్ణయం. మధ్యలో గీత. గీత కింద కొత్తది, అక్షరాల్లో. ఆ పద్ధతి పెట్టింది నేనేరా, చేసిన తప్పు చెరిపెయ్యకూడదు, అందరికీ కనపడేట్టు నెత్తినే ఉండాలని. ఇప్పుడు పద్ధతులడుగుతావేం? తెల్లబోయావేం?"

"ఏమయ్యా! ఏమయ్యో ఫెర్మిన్! రేడియో ఆపు!"

"ఏమైందే మిగ్దాలియా? ఎందుకా పరుగు?"

"లివియో... మన లివియోని చంపేశార్రా దేవుడో! రైలు పట్టాల పక్కన చెరకులో పడున్నాడు. తల పగిలిపోయి ఉంది, మొహం పోల్చుకోలేం. రెండు మోకాళ్ళూ చితకబొడిచారు. కుడిచేతి వేళ్ళు ఒక్కోటీ వెనక్కి విరిచేశారయ్యా, పిడికిట్లో ఉన్నదేదో లాక్కున్నట్టు! తోరిబియో, నువ్వూ ఇక్కడే ఉన్నావా? మీ గుడిసెలకి కూతవేటు దూరం! ఏ అరుపూ వినలేదా నువ్వు?"

"విన్నా వదినా."

"తోరిబియో... ఆ సంచి విప్పు."

"విప్పక్కర్లేదన్నా. నీకు తెలిసిపోయింది."

"ఓరి నీ..."

"నవ్వుతూ ఎదురొచ్చాడు. నవ్వుతూ! ఆ కాయితం నా మొహం మీదకి చాపాడు. 'చూడు, చూడు' అన్నాడు. చూశా. నాకొచ్చిన అక్షరం ఒక్కటే కదన్నా. నా కొడుకు బతుకు నాశనం చేసి, చాలక దాన్ని రాసి తెచ్చి వెక్కిరిస్తున్నాడనుకున్నా. మొదటి దెబ్బకే కూలాడు. కిందపడి కూడా 'కింద, కింద' అంటున్నాడు. నేల మీదున్న తన గురించి అంటున్నాడనుకున్నా. వదల్లేదు."

"మిగ్దాలియా, నువ్వు లోపలికి పో. తలుపేసుకో."

"అన్నా. ఇదిగో. ఇది చదువు."

"వద్దు."

"విల్మర్‌కి చూపిద్దామని జేబులో పెట్టుకున్నా. ఇందుకే కొట్టాన్రా అని చెప్పడానికి. పైన దువ్వెన, పక్కన ఆరు. అది నేనూ చదివా. గీత కింద చదువు."

"రక్తానికి అలుక్కుపోయిందిరా."

"చదువన్నా!"

"'పొరపాటు నాది. ఇది హిట్. విల్మర్‌కి అరవయ్యోది.'"