కుడిచేతి వేలు

తుపాకులు బాగుచేసే దుకాణంలో బల్లకు ఒకవైపు ముసలి మెకానిక్, మరోవైపు పక్షవాతం నుంచి కోలుకుంటున్న షూటర్. మధ్యలో ఆమె పోటీ రైఫిల్.

"లోపల తూటా లేదుగా, ఖాళీయేనా మాస్టారూ?"

"నేను చూశాను. నువ్వూ చూడమ్మా."

"ఖాళీయే. ట్రిగ్గర్ స్ప్రింగు మార్చారా?"

"ఈ రైఫిల్‌కని చేసిన తేలికపాటిదే వేశాను. రబ్బరు సుత్తితో అన్నివైపులా కొట్టి చూశాను, దెబ్బకి ట్రిగ్గర్ దానంతటది పడలేదు. నొక్కు."

"వేలు వంగట్లేదు మాస్టారూ. స్ప్రింగు ఇంకాస్త కత్తిరించండి."

"కత్తిరిస్తే కిందపడినా పేలుద్ది. పక్కనున్నవాళ్ళ గతేంటి?"

"నేను గురిపెట్టి రెండేళ్ళయింది. కళ్ళు మూస్తే టార్గెట్ మధ్యనుండే ఆ నల్లటి చుక్కే. పతకాలు వద్దు. ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణం కావాలి."

"తెలుసమ్మా. ఎడమచేత్తో మొదలుపెట్టు."

"అంటే ఈ చెయ్యి ఇక రాదని ఒప్పుకున్నట్టేగా."

"రావచ్చు. ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. నీకూ తెలీదు."

"ఎడమచేతికి వీలుగా మార్చడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"వారం. ఇక్కడ పెట్టి వెళ్ళు."

"పెడతాను. కాసేపు నా కుడిచేతిలోనే ఉండనివ్వండి మాస్టారూ."