ఉబ్బని చుక్క

(అలర్జీ ఆసుపత్రి వరండా. అత్త, కోడలు, నర్సు. పిల్లాడు లోపల గదిలో ఉన్నాడు.)

“ఒక్క చుక్కా ఉబ్బలేదంటే మా వాడికి ఏమీ లేనట్టేగా, నర్సమ్మా?”

“ఆగండి అత్తయ్యా. ఆవిణ్ణి చెప్పనివ్వండి.”

“లేనట్టు కాదు బామ్మగారూ. చెట్ల పుప్పొడి, గడ్డి పుప్పొడి, వరసగా చేతి మీద చుక్కలు పెట్టి గుచ్చాం. చివరి చుక్క మాత్రం పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి; అది ఎవరికైనా ఉబ్బి తీరాలి, మీకైనా నాకైనా. బాబుకి అదీ ఉబ్బలేదు. అంటే తుమ్ముల మందు ఇంకా ఒంట్లో ఉంది. వారం ముందే ఆపమన్నాం కదా?”

“నేను ఆపాను. సీసా అటకెక్కించాను.”

“మరెవరో దింపారు. మళ్ళీ రావాల్సిందే. నేను వెళ్ళి బాబు చెయ్యి తుడుస్తాను.”

“విన్నారా అత్తయ్యా?”

“నాకేం చెవుడు లేదు.”

“ఎవరు దింపారు?”

“అటక నాకందుతుందా?”

“స్టూలు వేసుకుంటే అందుతుంది. మోకాళ్ళ నొప్పులన్నీ నేను పని చెప్పినప్పుడేగా.”

“నోరు అదుపులో పెట్టుకో.”

“మొదట తుమ్ములు. ‘పిల్లలన్నాక తుమ్మరా’ అన్నారు. మరుసటేడు కళ్ళు వాచాయి. ఇప్పుడు పిల్లికూతలు. మొన్న ఆపిల్ ముక్క కొరికితే నోరంతా దురద. పుప్పొడి పడని పిల్లలకి పోనుపోను కొన్ని పండ్లూ పడవని డాక్టరు చెప్తుంటే, మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.”

“వింటూనే కూర్చున్నాను.”

“మీకు మనవడికంటే పెరట్లో మావయ్యగారు నాటిన చెట్టే ఎక్కువ. నేరం దాని మీదకి రాకుండా సిరప్పు పట్టారు. చెప్పండి, పట్టారా లేదా?”

“పట్టాను.”

“సిగ్గు లేదూ?”

“నిన్న సాయంత్రం ముక్కు బిగిసి, ఊపిరాడక నా ఒళ్ళోకొచ్చి పడ్డాడు. నువ్వేమో తలుపేసుకుని ఫోన్లో మీ అమ్మతో, ‘పరీక్షలో చెట్టని తేలనీ, వాణ్ణి తీసుకుని నీ దగ్గరికి వచ్చేస్తా, ఈయన నోరెత్తలేరు’ అంటున్నావు.”

“చాటుగా విన్నారన్నమాట.”

“గోడలకే చెవులుంటే నాకుండవా?”

“వింటే విన్నారు. ఆ చెట్టు పక్కన నా కొడుకుని ఉంచను. తీసుకెళ్తాను.”

“వాడు లేని ఇంట్లో నాకా చెట్టెందుకు? మనం గేటు దాటగానే కొట్టేయమని చెప్పొచ్చాను. ఈపాటికి పడిపోయుంటుంది. నువ్వింకో సాకు వెతుక్కో.”